పియానోకి మావటి

మా టౌనుహాల్లో ఒక ఏనుగు ఉంది. చూడటానికి అచ్చం పియానోలా ఉంటుంది. వీధిబడి చదువుతో సరిపెట్టుకున్నవాణ్ని కాబట్టి నేను చాలాకాలం దాన్ని పియానో అనే అనుకున్నాను. పెద్ద చదువులు చదివిన అధికార్లు జీపులు వేసుకుని వచ్చి విడమరిచి చెప్పేదాకా నా కళ్లు తెరుచుకోలేదు.

దాన్ని మా ఊరికి తెచ్చింది కాలవల పనిమీద వచ్చిన ఒక ఇంజనీరు దొర. దొరసాని పొద్దస్తమానం పుట్టింటి మీద బెంగతో ఏడుస్తుంటే ఓదార్చలేక ఓడ మీద తెప్పించాడట. ఆవిడ వాయిస్తుంటే కాలవలో పడవలు గెడ వెయ్యకుండానే ఏటికెదురు నడిచేవని మా తాత చెప్పేవాడు. మా తాత మాటల్లో ముప్పాతిక తీసేసినా పడవ ఒక బారైనా కదిలే ఉంటుంది. తర్వాత దొర వెళ్లిపోయాడు. పియానో టౌనుహాలు వెనకగదిలో ఉండిపోయింది. మొన్నటి తుఫానుకి ఆ గదిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. చెక్క ఉబ్బింది. ముందు కాలు ఒకటి కుళ్లింది. లోపలి తీగలు తుప్పు పట్టాయి. ఎలకలు కాపురం పెట్టాయి. కొన్ని మెట్లు నొక్కితే పలకవు, కొన్ని నొక్కకపోయినా పలుకుతాయి.

దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి దయామణిగారు. మిషన్ బడిలో పాటల టీచరుగా చేసి రిటైరైన ఆవిడ. సాయంత్రం అయ్యేసరికి చేపలపేట పిల్లల్ని పోగేసి ఆ వెనకగదిలో పాటలు నేర్పుతారు. పియానో దుమ్ము దులిపి పెట్టాలన్న షరతు మీద మున్సిపాలిటీవారు ఆవిడకి గది ఇచ్చారు. అంటే పియానో ఉంటేనే గది, గది ఉంటేనే పాట. ఆ పెట్టె పోయిన మర్నాడే ఆ గదిని కౌన్సిలర్ల విశ్రాంతి మందిరం చెయ్యటానికి ప్లాను కూడా గీసి సిద్ధంగా ఉంచారు.

ఇలా ఉండగా మా మున్సిపాలిటీకి ఒకే టపాలో రెండు సర్క్యులర్లు వచ్చాయి. పాతబడి పాడైన సామానును నెల తిరిగేలోగా వేలం వేసి వదిలించుకోవలెనని ఒకటి. వారసత్వ మాసోత్సవాల సందర్భంగా పాతబడి పాడైన సామానును నెల తిరిగేలోగా పునరుద్ధరించి ప్రదర్శనకు పెట్టవలెనని రెండోది. రెండింటి కిందా సంతకం ఒకటే.

మా కమిషనరు చక్రపాణిగారు క్రమశిక్షణ గల మనిషి. రెండు ఆజ్ఞల్నీ శిరసావహించాలని నిశ్చయించుకుని, అలా వహించటానికి వీలుందో లేదో తేల్చేందుకు 'పియానో పునరుద్ధరణ యోగ్యతా నిర్ధారణ సంఘం' వేశారు. అధ్యక్షులు ఆయనే. సభ్యులు మున్సిపల్ ఇంజనీరు వీర్రాజుగారు. ప్రజల తరఫున నన్ను వేశారు.

"నాకు పియానో గురించి ఓనమాలు కూడా తెలీవు కదండీ," అన్నాను.

"అందుకేనండి గవర్రాజుగారూ. తెలిసినవాళ్లని వేస్తే పక్షపాతం అంటారు," అన్నారు కమిషనరుగారు.

తనిఖీ రోజున వీర్రాజుగారు టేపూ సుత్తీ తెచ్చుకున్నారు. కల్వర్టును పరీక్షించినట్టు పియానోని అన్ని వైపులా కొట్టి చూశారు. ఎక్కడ కొట్టినా ఏదో ఒక స్వరం పలుకుతుంటే ఆయనకి చిరాకెత్తింది.

"స్ట్రక్చరు లూజుగా ఉందండి. గట్టి కట్టడమైతే ఎక్కడ కొట్టినా ఒకటే చప్పుడు రావాలి," అన్నారు.

దయామణిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ వెనక కిటికీ నిండా పిల్లల తలకాయలు.

"ఒక్కసారి వాయించి చూపిస్తానండి, ఆ తర్వాత మీ ఇష్టం," అని ఆవిడ ముందుకొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. పళ్లూడిన ముసలాయన జంతికలు నమిలినట్టు నడిచింది పాట. అయినా నడిచింది. చివరికొచ్చేసరికి నాకు తెలీకుండానే నా కాలు తాళం వేస్తోంది.

కమిషనరుగారు కలం తెరిచారు. "ఇందులో సంగీతం ఎంత శాతం ఉండవచ్చునమ్మా?"

"శాతమేంటండి బాబూ! పాటండి అది."

"శాతం లేనిదే ఫైలు కదలదమ్మా."

"సరే, వేలానికి రేటు కట్టాలి కదా, మెటీరియలు చెప్పండి. చెక్క, ఇనుము, ఇంకా?" అన్నారు వీర్రాజుగారు.

దయామణిగారికి రోషం వచ్చింది. వస్తువు విలువ చెబితే నిలబెడతారని ఆవిడ నమ్మకం. జీవితమంతా పిల్లలతో గడిపిన మనిషి, ఆఫీసుల సంగతి తెలీదు పాపం.

"చెక్కా ఇనుమూ ఏంటండీ! ఈ తెల్ల మెట్లు చూడండి. అసలైన ఏనుగు దంతం. ఇప్పుడు ఎంత పెట్టినా ఎక్కడా దొరకదు!"

కమిషనరుగారి కలం ఆగిపోయింది. "ఏనుగా?"

"దంతమండి."

"దంతం ఎవరిది?"

"ఏనుగుదేనండి."

"అయితే ఇది మన పరిధిలోనిది కాదే!" అన్నారు కమిషనరుగారు. పెళ్లయిన పదేళ్లకి కొడుకు పుట్టినవాడి మొహంలో కూడా అంత సంతోషం నేను చూడలేదు. అక్కడికక్కడే నిలబడి రాసేశారు: 'పై వస్తువునందు వన్యప్రాణి ఉనికి సంఘం దృష్టికి వచ్చియున్నందున, తదుపరి చర్యల నిమిత్తం అటవీశాఖవారికి నివేదించుకోవడమైనది.'

టౌనుహాల్లో ఏనుగు ఉందని కాయితం అందేసరికి అటవీశాఖ రేంజరు భూషణంగారు గొలుసులతో, వలలతో, మత్తుమందు తుపాకీతో దిగారు. చేపలపేట అంతా గోడలెక్కింది.

"ఏనుగు ఎక్కడండి?"

"ఇదేనండి," అని చూపించారు కమిషనరుగారు.

మరొకరైతే నవ్వి వెళ్లిపోయేవారు. భూషణంగారు నవ్వలేదు. సంచిలోంచి లావుపాటి మాన్యువల్ తీసి, కళ్లజోడు తుడుచుకుని చదివారు. "జంతువు తాలూకు ఏ భాగము ఏ స్థలమందు లభ్యమైనను, శేష జంతువు అచ్చటనే ఉన్నట్లు భావించి చర్య గైకొనవలెను."

"శేష జంతువు కనబడటం లేదు కదండీ," అన్నాను.

"భావించమన్నారండి. కనబడాలని ఎక్కడా అనలేదు."

ఆ తర్వాత గుర్తులు రాసుకున్నారు. రంగు నలుపు. ముందు కాళ్లు రెండు, అందులో ఒకటి కుంటు. వెనక కాళ్లు భావించవలెను. తొండం భావించవలెను. దంతాల దగ్గరకొచ్చేసరికి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "నా సర్వీసులో ఇన్ని దంతాలున్న ఏనుగుని చూళ్లేదండి," అన్నారు భక్తిగా.

"అయ్యా, ఇంతకీ రిపేరు చేయిస్తారా, చేయించరా?" అని అడిగారు దయామణిగారు.

"అమ్మా, ఏనుగుకి రిపేరు ఉండదు. వైద్యం ఉంటుంది. వైద్యం చెయ్యాలంటే ముందు అది బతికుందో లేదో పశువుల డాక్టరుగారు ధ్రువీకరించాలి. బతికి లేకపోతే లాంఛనంగా పూడ్చిపెట్టేస్తాం. అందాకా ఎవ్వరూ దీని మీద చెయ్యి వెయ్యకూడదు."

గదికి తాళం పడింది. పిల్లలు వరండాలో కూర్చుని చేతుల్తో నేల మీద మెట్లు గీసుకుని వాయించుకుంటున్నారు. దయామణిగారు నా పక్కన చతికిలబడ్డారు.

"నోరు జారానండి గవర్రాజుగారూ. ప్లాస్టిక్కని చెప్పి ఉండాల్సింది."

"అలా చెప్పినా ప్లాస్టిక్ నిషేధం వాళ్లు వచ్చుందురు టీచరుగారూ," అన్నాను ఓదార్పుగా.

పశువుల డాక్టరు హైమవతిగారు ఎక్కడో గేదెకి పురుడు పోసి, గమ్ బూట్లతో అలాగే స్కూటరు మీద వచ్చారు. పియానోని చూశారు. మమ్మల్ని చూశారు.

"ఇది..."

"ఏనుగండి," అన్నారు కమిషనరుగారూ రేంజరుగారూ ఒకేసారి.

ఆవిడ కూడా గవర్నమెంటు మనిషే. ఇంకేమీ అడక్కుండా స్టెతస్కోపు చెవులకి తగిలించుకుని, పియానో మూత మీద ఆనించి, "ఏదీ, ఒకసారి కదపండి," అన్నారు. దయామణిగారు ఒక మెట్టు నొక్కారు. డాక్టరుగారు కళ్లు మూసుకున్నారు. ఇంకొకటి నొక్కారు. వైద్యానికి కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే విన్నారు డాక్టరుగారు.

"ప్రాణం ఉంది," అన్నారు కళ్లు తెరిచి.

దయామణిగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. డాక్టరుగారు చీటీ రాశారు. కీళ్లు పట్టేశాయి, పొట్టలో ఎలకలున్నాయి, దంతాల జబ్బు ముదిరింది. దానికి ఎవరైనా స్పెషలిస్టు కావాలి.

"విశాఖపట్నంలో డిక్రూజుగారని ఉన్నారండి," అన్నారు దయామణిగారు వెంటనే.

"ఏనుగుల దంతవైద్యుడా?" అన్నారు కమిషనరుగారు.

దయామణిగారికి అప్పటికే బుద్ధి వచ్చింది. "అవునండి," అన్నారు తడుముకోకుండా. "వాళ్ల తాతగారి కాలం నుంచీ ఇదే పని."

వైద్యం మంజూరైంది. మేత మంజూరైంది. రోజూ పొద్దున్నే కంట్రాక్టరు చెరుకు మోపులు తెచ్చి గది ముందు పడేసేవాడు. మేత ముట్టకపోతే ఏనుగు జబ్బు తిరగబెట్టినట్టు రాయాల్సి వస్తుందని, కాపలాకి పెట్టిన అటవీశాఖ గార్డు బెంగ పెట్టుకున్నాడు. మా పిల్లలకి అతని మీద జాలేసి ఆ మోపులు ఏ పూటకాపూట ఖాళీ చేసేశారు. 'ఏనుగు తృప్తిగా మేయుచున్నది' అని రిపోర్టు వెళ్లింది.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. మావటి లేకుండా ఏనుగును ఎవరూ ముట్టుకోరాదట, దంతవైద్యుడు కూడా. కాబట్టి మావటి ఉద్యోగానికి ప్రకటన ఇచ్చారు. ఇంటర్వ్యూకి సంఘం అంతా కూర్చున్నాం.

మొదట వచ్చినాయన సర్కస్సులో చేసి మానేసినవాడు. అంకుశం తిప్పుతూ వచ్చి, పియానోకి ఎదురుగా నిలబడి, "బైఠ్!" అని అరిచాడు. అది కూర్చోలేదు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాడు. చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దీనికి పొగరండి, నా వల్ల కాదు," అని బస్సు ఛార్జీలు అడిగి వెళ్లిపోయాడు.

రెండో దరఖాస్తు దయామణిగారిది.

"అమ్మా, మీకు ఏనుగులతో పూర్వానుభవం ఏమైనా కలదా?" అన్నారు రేంజరుగారు.

"దీంతోనేనండి. ఎన్నో ఏళ్లుగా."

"ఎప్పుడైనా మిమ్మల్ని తొక్కిందా?"

"అది తొక్కలేదండి. నేనే తొక్కుతుంటాను. కింద పెడళ్లున్నాయి."

రేంజరుగారు కుర్చీలో ముందుకి జరిగారు. "మాట వింటుందా?"

ఆవిడ లేచి వెళ్లి చెయ్యి వేశారు. అది పలికింది. ఆవిడ చెయ్యి తీశారు. అది ఊరుకుంది. రేంజరుగారు రాసుకున్నది నేను పక్కనుంచి చదివాను. 'అభ్యర్థిని ఏనుగును స్వయంగా తొక్కి లొంగదీసిన దిట్ట. చేతి స్పర్శ మాత్రముననే ఘీంకరింపజేయగలదు.'

చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని దయామణిగారు ఉద్యోగంలో చేరారు. అంకుశం కూడా ఇచ్చారు. దానికి ఆవిడ చేతిసంచీ తగిలించుకునేవారు.

మావటి విధుల్లో ఏనుగును రోజూ షికారు తిప్పటం ఒకటి. పియానోకి అడుగున చిన్న చక్రాలున్నాయి. పొద్దున్నే పిల్లలు వెనకనుంచి తోస్తుంటే ఆవిడ గొడుగు వేసుకుని ముందు నడిచేవారు. మా రోడ్ల సంగతి మీకు తెలుసు. ప్రతి గుంట దగ్గరా ఒక స్వరం పలికేది. పది రోజులు తిరిగేసరికి ఏ గుంటలో ఏ స్వరం ఉందో ఊరందరికీ కంఠతా వచ్చేసింది. ఆడవాళ్లు బిందెలు దించి దణ్ణం పెట్టుకుని అరటిపళ్లు ఇచ్చేవారు. ఒకనాడు వీర్రాజుగారు మనసు మారి సెంటర్లో గుంట ఒకటి పూడ్పించేసరికి జనం ఆఫీసు మీదికి వెళ్లి, "మా గాంధారం ఏదండీ?" అని నిలదీశారు. ఆయన మళ్లీ తవ్వించారు.

డిక్రూజుగారు వచ్చారు. తెల్లటి మీసాలూ మెడలో శిలువా ఉన్న పెద్దాయన. సంచీ విప్పి, మూత ఎత్తి చూసి, "ఇందులో ఏనుగుది అంటూ ఉన్నది ఈ మెట్ల మీది పైరేకులేనండి, మిగతా అంతా..." అనబోయారు. దయామణిగారు ఆయన కాలు తొక్కారు.

"...మిగతా అంతా మంచి ఏనుగండి," అన్నారు డిక్రూజుగారు.

వారాల తరబడి ఆ గదిలోంచి టింగు టింగుమని ఒకే స్వరం వినబడుతూ ఉండేది. ఎలకలు సంసారాలు ఎత్తుకుపోయాయి. తుప్పు తీగలు పోయి కొత్త తీగలు వచ్చాయి. ఒకరోజు సాయంత్రం దయామణిగారు స్టూలు మీద కూర్చుని, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వేళ్లు నడిపించారు. ఒక్కటీ తప్పలేదు. వరండాలో పిల్లలు చెరుకు నమలటం మానేశారు. కాలవలో పడవ ఏదైనా ఉండి ఉంటే మా తాత మాట నిజమయ్యేదే.

ఆ సంతోషం మూడు పూటలు నిలవలేదు. భూషణంగారు స్వీటు డబ్బాతో వచ్చారు.

"శుభాకాంక్షలమ్మా. స్వస్థత పొందిన వన్యప్రాణిని సహజ నివాసమందు విడిచిపెట్టవలెనని నిబంధన. ఎల్లుండి డాక్టరుగారు వచ్చి ఆఖరి పరీక్ష చేస్తారు. ఆరోగ్యం సంపూర్ణం అనగానే లారీ ఎక్కించి అడవిలో వదిలేస్తాం."

దయామణిగారు పియానోకి అడ్డంగా నిలబడ్డారు. "ఒక్క వానకి పాడైపోతుందండీ!" అన్నారు.

"తొలిరోజుల్లో బెంగ పెట్టుకుంటాయమ్మా. తర్వాత అవే అలవాటు పడతాయి," అన్నారు రేంజరుగారు చాలా దయగా.

ఆయన అటు వెళ్లగానే ఆవిడ, సామాను సర్దుకుంటున్న డిక్రూజుగారి దగ్గరికి వెళ్లారు. "మాస్టారూ, ఒక మెట్టు చంపెయ్యండి."

ఆయన తెల్లబోయారు. "ఇన్నాళ్లూ బతికించమన్నవాళ్లే గానీ, ఇలా అడిగినవాళ్లు లేరమ్మా."

"పూర్తిగా బాగుపడితే మనకి దక్కదండి. కొంచెం జబ్బు ఉండాలి."

"అయితే ఈ మూలది తీసేస్తాను. దీన్ని ఎవరూ ముట్టుకోరు."

"ముట్టుకోనిది పోతే డాక్టరుగారికి తెలీదు కదండీ. మధ్యది తీసెయ్యండి. పాట ఎటు వెళ్లినా మళ్లీ దాని దగ్గరికి రావాల్సిందే, ఆ షడ్జం."

పెద్దాయన లోపలికి చెయ్యి పెట్టి, ఆ మెట్టు తీగని కొట్టే బొటనవేలంత చెక్క సుత్తిని ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకున్నారు.

ఆ రోజూ మర్నాడూ పాఠం నడిచింది. ప్రతి చరణం చివరా పాట ఆ మధ్య మెట్టు దగ్గరికి వచ్చేది. అక్కడ టక్కుమని చెక్క చప్పుడు. పిల్లలకి అది ఓర్చుకోవటం కష్టమైంది. ఎవరు మొదలెట్టారో గానీ, ఆ చోటు రాగానే అందరూ కలిసి "ఆ..." అని నోటితో పూరించటం పట్టుకున్నారు. మెట్టు పలికిందో పిల్లలు పలికారో వేరు చెయ్యలేనంత కచ్చితంగా.

పరీక్ష రోజు గేటు దగ్గర లారీ ఆగి ఉంది. సంఘం హాజరైంది. అధికార్లొచ్చారని పిల్లల్ని వరండాలోకి పంపేశారు. వాళ్ల వెనక, పిల్లల ఏనుగుని తోలుకుపోతున్నారట అని విని, చేపలపేట ఆడవాళ్లు అమ్మకాలు ఆపేసి కత్తిపీటలతో సహా వచ్చి కూర్చున్నారు.

"వాయించండి టీచరుగారూ," అన్నారు హైమవతి డాక్టరుగారు, చెవి ఆనించి.

దయామణిగారు మొదలుపెట్టారు. పాట తిరిగి తిరిగి మధ్య మెట్టు దగ్గరికి వచ్చింది. ఆవిడ వేలు దాని మీద పడింది. వరండాలోంచి "ఆ..." అని వచ్చింది, తీగ మీటినట్టు.

దయామణిగారు ఉలిక్కిపడి కిటికీ వైపు తిరిగారు.

"అన్నీ పలికాయి! సంపూర్ణ ఆరోగ్యం! లారీ వెనక్కి రానివ్వండర్రా," అని కేకేశారు రేంజరుగారు.

డాక్టరుగారు చెయ్యెత్తారు. "ఉండండి. అది లోపలి నుంచి రాలేదు. ఇంకోసారి వాయించండి."

ఇంకోసారి వాయించారు. ఇంకోసారి "ఆ..." అంది వరండా. డాక్టరుగారు స్టెతస్కోపు మెడలో వేసుకుని, కిటికీలోంచి పిల్లల్నీ, స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న దయామణిగారినీ చూశారు.

"రేంజరుగారూ, ఏనుగు పిలిస్తే బయటనుంచి జవాబిస్తున్నాయే, వాటిని మీ మాన్యువల్లో ఏమంటారు?"

భూషణంగారు పేజీలు తిప్పారు. చదివేకొద్దీ ఆయన మొహం గంభీరంగా మారిపోయింది. "పిలుపునకు బదులు పలుకునవి గున్నలండి. మంద."

"గున్నలున్న ఏనుగుని ఏం చెయ్యాలి?"

"మందనుండి వేరు చేయరాదు."

"అయితే మందని కూడా లారీ ఎక్కిద్దామా?" అన్నారు వీర్రాజుగారు ఉత్సాహంగా.

వరండాలో ఒక పెద్దావిడ కత్తిపీట ఈ మోకాలి కింద నుంచి ఆ మోకాలి కిందికి మార్చుకుంది. "ఎవుర్రా ఎక్కించేది?" అంది, ఎవరి వంకా చూడకుండా.

రేంజరుగారు గబగబా తర్వాతి పేజీ తిప్పారు. "మంద స్థిరపడియున్న స్థలమునే సహజ నివాసముగా భావించవలెను."

"భావిస్తారా మరి?" అన్నారు డాక్టరుగారు.

"భావించేశానండి," అన్నారు రేంజరుగారు.

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. గున్నల లెక్క రాసుకుని మేత పెంచారు. మా సంఘం ఆఖరి నివేదికని కమిషనరుగారు స్వయంగా రాసి నాచేత కూడా సంతకం పెట్టించారు. రెండు సర్క్యులర్లూ అక్షరాలా అమలైనవి. పాత సామాను ఏదీ మిగిలి లేదు. వారసత్వం ప్రదర్శనలో ఉంది. ఇక పియానో పునరుద్ధరణకు యోగ్యమా కాదా అన్న ప్రశ్నకు, 'సంఘం ఎంత గాలించినను సదరు పియానో కనబడలేదు' అని తేల్చి, సంఘాన్ని రద్దు చేశారు.

ఆ సాయంత్రమే డిక్రూజుగారు రైలు మానుకుని మళ్లీ వచ్చారు. దయామణిగారు కొంగు ముడి విప్పి చెక్క సుత్తి ఆయనకిచ్చారు. క్షణంలో బిగించేశారాయన. ఆవిడ పాట ఎత్తుకున్నారు. పిల్లలు చుట్టూ మూగారు. పాట మధ్య మెట్టు దగ్గరికి వస్తుండగా అలవాటు కొద్దీ అన్ని నోళ్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి.

"నోళ్లు ముయ్యండర్రా!" అన్నారు దయామణిగారు. "దాన్ని పలకనివ్వండి."